ప్యాకర్ల ప్రకటన కింద రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే మీ పత్రిక వర్గీకృత ప్రకటనల పేజీలో ‘ప్యాకర్స్ అండ్ మూవర్స్’ శీర్షిక కింద వరసలు పెరుగుతాయి. ప్రతిదాంట్లోనూ ఒక పేరు, రెండు సెల్ నంబర్లు, ‘అతి తక్కువ ధర’ అనే మాట. ఆ సంస్థకు చట్టప్రకారం ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ఎక్కడా కనిపించదు. పదేళ్ల సంసారాన్ని ముక్కూ మొహం తెలియని లారీలో ఎక్కించేవాళ్లకు ముందుగా కావలసింది ఆ నంబరే.

‘క్యారేజ్ బై రోడ్’ చట్టం 2007లో వచ్చింది, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. కిరాయికి సరుకు మోసే వ్యాపారం చేసేవాళ్లు ‘కామన్ క్యారియర్’గా రవాణా శాఖ దగ్గర నమోదు కావాలని అది చెబుతోంది. సొంత లారీలున్న ట్రాన్స్‌పోర్టు కంపెనీలే కాదు, బుకింగ్ కంపెనీ, ఏజెంటు, బ్రోకరు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. ఫోన్లో బేరమాడి, అడ్వాన్సు పుచ్చుకుని, సామాను వేరేవాళ్ల బండికి అప్పగించినవాడు ‘నేను మధ్యవర్తిని మాత్రమే సార్’ అని చేతులు దులుపుకోవడానికి లేదు. సర్టిఫికెట్ గడువు పదేళ్లు. అడిగితే వాట్సాప్‌లో పంపడానికి నిమిషం పట్టదు. ‘ఆఫీసులో ఉంది, రేపు పంపుతాం’ అన్నవాళ్లతో బేరం అక్కడితో ఆపేయడం మేలు. జీఎస్టీ నంబరు కూడా తీసుకుని జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే అసలు యజమాని పేరు, వ్యాపారం పేరు, నమోదైన తేదీ, రిజిస్ట్రేషన్ బతికుందో రద్దయిందో అన్నీ కనిపిస్తాయి. పేరున్న సంస్థ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించి నడిపే దుకాణాలు ఈ రంగంలో చాలా ఉన్నాయి. ‘పాతికేళ్ల అనుభవం’ అని ప్రకటించుకున్నవాళ్ల నమోదు తేదీ నిరుడు ఉంటే సంగతి అర్థమైనట్టే. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెర మీద వచ్చే పేరు కూడా పోర్టల్‌లో కనిపించిన యజమాని పేరో, వ్యాపారం పేరో అయి ఉండాలి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు పడగ్గదుల ఇల్లు మారడమే ఉదాహరణగా తీసుకుందాం. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా దాదాపు 1,600 కిలోమీటర్లు. ‘టూ బీహెచ్‌కే’ అనగానే ఫోన్లో చెప్పే రేటును ఎవరూ నమ్మకూడదు. లారీవాడికి గదుల లెక్క అక్కర్లేదు, ఘనపుటడుగులు కావాలి. 14 అడుగుల బండి లోపలి కొలత సుమారు 14 × 6 × 6, అంటే 504 ఘనపుటడుగులు. సందులు పోను చక్కగా పేరిస్తే అందులో 420 దాకా పడుతుంది. మూడు సీట్ల సోఫా ఒక్కటే 55కి పైన తింటుంది. 18 అంగుళాల చదరపు అట్టపెట్టె 3.4 ఘనపుటడుగులు, కాబట్టి నలభై పెట్టెలు 135. ఇంటివాళ్లు పెట్టెలు ఇరవై అవుతాయనుకుంటారు, సర్దడం మొదలుపెట్టాక అవి నలభై దాటతాయి. కారణం ఎప్పుడూ ఒకటే: సర్వేకి వచ్చినవాడికి అటక చూపించరు. మంచం కింద పెట్టె అర తెరవరు. బాల్కనీలో ఇన్వర్టరు, మడిచిన ట్రెడ్‌మిల్, మెట్ల కింద సైకిలు ఎవరికీ గుర్తుకు రావు. లోడింగ్ రోజున బండి నిండిపోయాక ‘ఇంకో ఎనిమిది వేలవుతుంది’ అంటాడు. అప్పటికి ఇల్లు ఖాళీ, ఓనరు తాళంచెవులకు చెయ్యి చాచి నిలబడి ఉంటాడు, రైలు సాయంత్రం. కాదనే స్థితిలో ఎవరుంటారు?

కనీసం ముగ్గురి చేత ఇంటికి రప్పించి గానీ వీడియో కాల్‌లో గానీ సర్వే చేయించాలి. అందరికీ ఒకే జాబితా ఇవ్వాలి. కొటేషన్‌లో బండి కొలత, ప్యాకింగ్, లోడింగ్, కిరాయి, దించడం, మంచాలు బిగించడం, జీఎస్టీ ఎంత శాతం, ఏ మొత్తం మీద అన్నవి వేరువేరు వరసల్లో ఉండాలి. రెండు ఇళ్లూ ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, పెద్ద బండి గేటు దాకా వస్తుందా అన్నవీ రాయించాలి. ఢిల్లీ కాలనీల్లో 14 అడుగుల బండి లోపలికి రాకపోతే బయట చిన్న ట్రాలీలోకి మార్చి తెస్తారు. దానికి వేరే ఛార్జీ అడుగుతారు, ముందే మాట్లాడుకోకపోతే వాళ్లు చెప్పిందే ధర. పగటిపూట నగరాల్లో లారీలకు నో ఎంట్రీ ఉంటుంది కాబట్టి బండి రాత్రి వచ్చి ఉదయం దాకా ఆగడం మామూలే. చలికాలంలో ఢిల్లీ గాలి బాగా చెడిపోయినప్పుడు బయటి లారీలను చాలావరకు ఆపేస్తారు, దానికి తోడు పొగమంచు. డిసెంబరు, జనవరిలో మారేవాళ్లు రెండు మూడు రోజులు ఎక్కువే వేసుకోవాలి.

బండి మొత్తం మనదా, పార్ట్ లోడా అన్నది ధరలో అన్నిటికన్నా పెద్ద తేడా. బండి మనదే అయితే రోజుకు 400 కిలోమీటర్ల లెక్కన నాలుగు రోజుల్లో చేరాలి. పార్ట్ లోడ్‌లో మన సామాను ఇంకో ఇద్దరు ముగ్గురి సామానుతో కలిసి వెళ్తుంది. కిరాయి తగ్గుతుంది గానీ కంటైనరు నిండేదాకా గోదాములో పడి ఉంటుంది, దారిలో ఒకటి రెండు చోట్ల దించి మళ్లీ ఎక్కిస్తారు. సామాను పగిలేది ఎక్కువగా ఆ దించడం, ఎక్కించడంలోనే, రోడ్డు మీద కాదు. ‘బండి మీ ఒక్కరికే’ అని చెప్పి పార్ట్ లోడ్‌లో కలిపేయడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. అందుకే లోడింగ్ అయ్యాక బండి నంబరు ప్లేటు, డ్రైవరు లైసెన్సు ఫొటో తీసుకోవాలి. తలుపుకు తాళం వేసి సీలు బిగించాక ఆ సీలు నంబరు బిల్టీ (సామాను తీసుకున్నట్టు రవాణాదారు ఇచ్చే రసీదు) మీద రాయించాలి. ఢిల్లీలో వేరే నంబరు బండి వచ్చినా, సీలు మారినా, దించకముందే డెలివరీ కాగితం మీద ఆ ముక్క రాయాలి.

బిల్టీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎల్‌ఆర్ అన్నా, గూడ్స్ రసీదు అన్నా అదే. అందులో ‘సరుకు విలువ’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయడమో, ‘పాత ఇంటి సామాను, రూ.10,000’ అని గిలికేయడమో పరిపాటి. ‘తక్కువ రాస్తే దారిలో ఇబ్బంది ఉండదు సార్’ అంటారు. ఇబ్బంది తప్పేది వాళ్లకి. ఈ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం సామాను పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు పరిమితం, అదీ మనం ప్రకటించిన విలువకు మించకూడదు. కిరాయి 40 వేలైతే పరిమితి 4 లక్షలు. గడిలో పది వేలని ఉంటే మాత్రం అంతా కాలిపోయినా పది వేలే. అంతకన్నా ఎక్కువ బాధ్యత వాళ్ల మీద పెట్టాలంటే ఎక్కువ రిస్కు రేటు కట్టి ముందే రాయించుకోవాలి. కాబట్టి టీవీ, ఫ్రిజ్, సోఫా, మంచాలకు ఈ రోజు ఎంత వస్తుందో విడివిడిగా రాసిన జాబితా బిల్టీకి జత చేసి, రెండు ప్రతుల మీదా సంతకాలు చేయించుకోవాలి.

ఇన్సూరెన్స్ పేరుతో జరిగేది దీనికి తమ్ముడు. సామాను విలువ మీద ఒకటిన్నర నుంచి మూడు శాతం దాకా వసూలు చేసి, బిల్లులో ‘ట్రాన్సిట్ రిస్క్’ అనో ‘ఎఫ్‌ఓవీ’ అనో రాస్తారు. అది బీమా పాలసీ కాదు, మూవరు నోటిమాట. నిజంగా బీమా చేయిస్తే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర నమోదైన కంపెనీ పేరు, పాలసీ లేదా సర్టిఫికెట్ నంబరు, మన పేరు, బండి నంబరు, విలువ ఉన్న కాగితం వస్తుంది. బండి కదలకముందే అది చేతిలో ఉండాలి. ఉన్నా ఏ కవరో చూసుకోవాలి. ‘ఆల్ రిస్క్’ అయితే పగుళ్లు, దొంగతనం దాదాపుగా వస్తాయి. మామూలు కవరు ప్రధానంగా మంటలు, బోల్తా, ఢీకొనడం లాంటి ప్రమాదాలకే. ఇంటివాళ్లు స్వయంగా సర్దిన పెట్టెల్లో పగిలినవాటికి, బయట గీత లేకుండా లోపల చెడిపోయిన ఎలక్ట్రానిక్స్‌కు సాధారణంగా క్లెయిమ్ రాదు. బంగారం, నగదు, సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు సాధారణంగా ఈ కవర్లలో ఉండవు. అవి మన చేతిసంచిలోనే రావాలి.

ఇక ప్యాకింగ్. అట్టపెట్టె అయిదు పొరలదై ఉండాలి. మూడు పొరలది బట్టలకు చాలు, వంటింటి సామానుకు చాలదు. పుస్తకాలు పెద్ద పెట్టెలో నింపితే నలభై కిలోలవుతుంది, హమాలీ ఎత్తగానే అడుగు ఊడుతుంది. చిన్న పెట్టెలో పదిహేను కిలోలకు ఆపాలి. పింగాణీ ప్లేట్లు పడుకోబెట్టి దొంతరగా పెడితే అడుగునున్నవి పగులుతాయి. అడుగున రెండు మూడంగుళాలు నలిపిన కాగితం పరిచి, ఒక్కోదాన్నీ చుట్టి, అంచుల మీద నిలబెట్టాలి. పెట్టె మూశాక ఊపితే లోపల చప్పుడు రాకూడదు. నలపడానికి మీ పత్రిక బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ తెల్ల పింగాణీకి సిరా అంటుతుంది కనక ముందు తెల్లకాగితం చుట్టాకే మీ వంతు. ప్రతి పెట్టె మీదా నంబరు, గది పేరు రెండు పక్కల రాయాలి. పైన మాత్రమే రాస్తే పేర్చాక కనిపించదు.

ముందు వైపు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కొత్తది వచ్చినప్పుడు వెనక వైపు మూడో నాలుగో పొడుగాటి బోల్టులుంటాయి. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ వాటిని విప్పి ఇంటివాళ్ల చేతికిస్తాడు, అవి ఏ పనిముట్ల డబ్బాలోనో చేరతాయి. ఇల్లు మారేముందు వాటిని వెతికి మళ్లీ బిగించాలి. బిగించకుండా పంపితే 1,600 కిలోమీటర్లూ డ్రమ్ము ఊగి ఊగి షాక్ అబ్జార్బర్లు, టబ్బు దెబ్బతింటాయి. పైన గీత కూడా ఉండదు. ఢిల్లీలో మొదటిసారి స్పిన్ తిప్పినప్పుడు గానీ ఆ దడదడ వినిపించదు, అప్పటికి డెలివరీ కాగితం మీద సంతకం అయిపోయి ఉంటుంది. బోల్టులు పోతే మోడల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్లో కొనుక్కోవచ్చు. అక్కడికి చేరాక విప్పకుండా మెషీన్ ఆన్ చేయకూడదు, అదీ నష్టమే.

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఆపి, మంచు కరిగించి, వెనక ట్రేలో నీళ్లు పారబోసి, తలుపు తెరిచి ఆరనివ్వాలి. తడితో మూస్తే నాలుగు రోజుల్లో బూజు. దాన్ని నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పోతుంది. నిలబెట్టి తెచ్చినా కొన్ని గంటలు ఆగి, పడుకోబెట్టారని అనుమానం ఉంటే ఒక రోజంతా ఆగి స్విచ్ వేయాలి. ఏసీ విప్పేముందు గ్యాసును బయటి యూనిట్‌లోకి లాక్ చేయడం ఏసీ మెకానిక్ పని, హమాలీకి స్పానరిస్తే గ్యాసు గాల్లోకే. ఇన్వర్టర్ బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది కాబట్టి చాలామంది మూవర్లు తీసుకోరు. తీసుకుంటే టెర్మినళ్లకు టేపు వేసి, నిలువుగా, బట్టల పెట్టెలకు దూరంగా పెట్టించాలి. వెట్ గ్రైండర్ రాళ్లు లోపలే వదిలేస్తే కుదుపులకు గిన్నె, ఇరుసు వంగుతాయి. పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్ మొదటిసారి విప్పి బిగిస్తే ఎలాగో నిలబడుతుంది, రెండోసారి మరలు పట్టవు. దాని కిరాయి, బిగింపు లెక్కేసుకుంటే ఇక్కడే అమ్మేయడం చౌక. మంచం బోల్టులు ఒక కవరులో వేసి హెడ్‌బోర్డుకే టేపుతో అంటించాలి.

ఆవకాయ జాడీకి ఏ ప్యాకరూ పూచీపడడు, ఆ మాటకొస్తే పడకూడదు కూడా. మే నెలలో మూసిన కంటైనరు లోపలి వేడికి నూనె వాసెనగుడ్డ దాటి కారుతుంది. దాని కింద పట్టుచీరల పెట్టె ఉంటే ఇక చెప్పేదేముంది! పచ్చడిని మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాల్లోకి తీసి, పైన రెండంగుళాలు ఖాళీ వదిలి, రెండు కవర్లలో కట్టాలి. జాడీని ఖాళీగా, లోపల కూడా కాగితం కుక్కి ప్యాక్ చేయించాలి.

మనవాళ్లకు ముహూర్తం బెడద ఒకటి. మంచి రోజున, అందులోనూ నెలాఖరున, అందరూ ఒకేసారి బయల్దేరతారు. బండ్లు దొరకవు, రేటు పెరుగుతుంది, అనుభవం లేని కూలీలు వస్తారు. ఆషాఢంలోనో పుష్యంలోనో నెల మధ్యలో బేరం సులువు. పట్టింపు ఉన్నవాళ్లు దేవుడి పటం, పాలగిన్నె, చిన్న ఇండక్షన్ స్టవ్ తమ వెంట తీసుకెళ్లి ముహూర్తానికి పాలు పొంగించుకోవచ్చు. లారీ వచ్చే గంటకు ముహూర్తాన్ని ముడిపెట్టడం మాత్రం పనికిరాదు.

గ్యాస్ సిలిండరు లారీలో వెళ్లకూడదు. సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ వోచరు తెచ్చుకోవాలి. దానితో ఢిల్లీలో కనెక్షన్ వస్తుంది. బైకైతే పెట్రోలు పూర్తిగా తీసేసి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాపీలు జతచేసి పంపాలి. రైల్వే పార్సిల్‌లో పంపడం ఇంకో దారి. ఏడాది దాటి అక్కడే ఉండేటట్టయితే ఆర్టీఏ నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ ఇక్కడుండగానే తీసుకోవాలి. పాత బండైతే ఢిల్లీలో పాత వాహనాలపై ఆంక్షలు ముందే చూసుకోవాలి, తీసుకెళ్లాక తెలిస్తే కిరాయి దండగ.

బండి బయల్దేరిన రెండో రోజు వచ్చే ఫోన్ల సంగతి వేరే చెప్పాలి. ‘చెక్‌పోస్టులో ఆపారు, ట్యాక్స్ కట్టాలి, 12 వేలు పంపండి.’ వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) అవసరం లేదు. ఆక్ట్రాయ్, ఎంట్రీ ట్యాక్స్ లాంటివి 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడే పోయాయి. టోలు, పర్మిట్ల ఖర్చు కిరాయిలో భాగం. బిల్లుతో కొత్తగా కొన్న ఖరీదైన వస్తువు పంపుతుంటే తప్ప ట్యాక్స్ కట్టాలన్న వాళ్ల మాట నిలవదు. డబ్బు పంపకుండా చలానా ఫొటో అడగండి, సగం ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. సామాను ఎక్కడుందో చెప్పకుండా బెదిరిస్తే బిల్టీ, బండి నంబరు, చాటింగ్ పట్టుకుని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు. ‘అది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగాలి. అందుకే అడ్వాన్సు పది శాతం దాటనివ్వకూడదు, కనీసం ఇరవై శాతం సామాను దించాకే ఇవ్వాలి. ‘బిల్లు లేకుండా అయితే జీఎస్టీ తగ్గిస్తాం’ అన్న ఆశ చూపిస్తే ఒప్పుకోకూడదు. రేపు గొడవైతే ఆ బిల్లే సాక్ష్యం.

సామాను చేరాక ముందు పెట్టెల లెక్క, నంబర్ల వారీగా. విప్పి చూసే తీరిక లేకపోతే ‘సంఖ్య సరిచూశాం, పెట్టెలు విప్పలేదు’ అని రాసి సంతకం పెట్టాలి. ‘అన్నీ బాగా అందాయి’ అని వాళ్లే అచ్చువేసి తెచ్చిన వాక్యాన్ని కొట్టేయాలి. పగిలినది కనిపిస్తే పెట్టె పైభాగం, లోపలి ప్యాకింగ్, వస్తువు మూడింటికీ ఫొటోలు తీసి అదే రోజు మెయిల్ చేయాలి. బీమా కంపెనీ సర్వేయర్ వచ్చేదాకా అట్టముక్క కూడా పారేయకూడదు. నష్టానికి దావా వేయాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రవాణాదారుకు రాతపూర్వక నోటీసు అందాలి. చాలామంది ‘చూస్తాం సార్’ అన్న మాటలు నమ్మి ఆ గడువు దాటబెట్టుకుంటారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రస్తుతం నివసిస్తున్న ఊళ్లోనే, అంటే ఢిల్లీలోనే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు.

మీ పత్రికను అడిగేది ఒకటే. ప్రకటన తీసుకునే కౌంటర్లో కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ నంబరు, జీఎస్టీ నంబరు అడగండి, రెండూ ఫోన్ నంబరు పక్కనే అచ్చువేయండి. ఇంకో వరస పడుతుంది, దాని రేటు ప్రకటనదారే కడతాడు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు కూడా నమోదైన క్యారియర్ల జాబితాను జిల్లాల వారీగా, గడువు తేదీతో సహా, ఎవరైనా ఫోన్లో చూసుకునేలా పెట్టాలి. బడులు తెరిచేలోపు ఇళ్లు మారేవాళ్ల హడావుడి ఏప్రిల్ మూడోవారంలోనే మొదలవుతుంది, ఈ మార్పు ఆలోపు వస్తే ఈ సీజనుకే పనికొస్తుంది.

ఇట్లు,
ఇంటి సామాను సర్వే, ప్యాకింగ్ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్